రెండు కొండలకి సంతకం

బ్రాడీపేట నాలుగో లైన్లో
యేసుపాదం సైకిల్ షాపు ముందు
పంక్చర్ తొట్టి పక్కన స్టూలేసుకుని
ఫారం నింపుతున్నాను.

నూట అరవై ఎనిమిది కిలోమీటర్లు.
తెల్లారుజామున నాలుగింటికి, ఇక్కణ్ణుంచే, ఇరవై రెండు మందిమి.
ఫిరంగిపురం, నరసరావుపేట,
కోటప్పకొండ ఎక్కి దిగి
చిలకలూరిపేటలో మజ్జిగన్నం,
ఆ మీదట మిట్టమధ్యాహ్నం కొండవీడు.
"రెండోది ఎక్కేప్పుడు దేవుడు కూడా గుర్తుకు రాడన్నా,
మోకాళ్ళే గుర్తొస్తాయి"
అన్నాడు యేసుపాదం, పెన్ను అందిస్తూ.

వయసు దగ్గర యాభై మూడు రాశాను.
పక్కన కూర్చున్న డెంటిస్టు పిల్ల
తొంగిచూసి,
చూడనట్టు హెల్మెట్ పట్టీ సర్దుకుంది.

ఘాట్ మీద తొక్కిన అనుభవం?
ఘాటులోనే ముప్పై ఏళ్ళు తల్లీ.
మార్చి నెలలో మిర్చియార్డుకి వచ్చి చూడు,
గోడలు కూడా తుమ్ముతాయి.
'ఉంది' అని రాశాను.
రాశాక చిన్నగా దగ్గాను.
యేసుపాదం వినిపించుకోలేదు, మంచివాడు.

నిజానికి ఈ ఊళ్ళో కొండ ఏదీ?
అప్పడాల పీట మీద ఒత్తినట్టుంటుంది గుంటూరు.
ఉన్న ఒక్క మిట్టా శంకర్ విలాస్ బ్రిడ్జి.
నెల్లాళ్ళుగా చీకటితో లేచి
దాన్నే ఎక్కి, దిగి, మళ్ళీ ఎక్కి.
ఒకరోజు పదకొండో విడత
బీటు కానిస్టేబులు ఆపాడు:
"ఏం పోయింది మేస్టారూ, అట్లా వెతుకుతున్నారు?"
చెమట కళ్ళలోకి దిగి మండుతుంటే
నిజంగానే ఏదో పోయినట్టు
పిట్టగోడ మీంచి కిందికి చూశాను.
గూడ్సు బండి వెళ్తోంది.
యాభై ఎనిమిది పెట్టెలు.

బరువు అని ఒక గడి.
అక్కడ ఆగింది పెన్ను.
కాటా దగ్గర నిలబడ్డవాణ్ణి నేను.
టిక్కీ భుజమ్మీంచి దిగే చప్పుడుకే
నలభై రెండో, నలభై నాలుగో చెప్పేవాణ్ణి,
రైతూ వ్యాపారీ ఇద్దరూ నా మొహంకేసి చూసేవాళ్ళు.
ఇప్పుడు ఎర్ర అంకెలు వెలుగుతాయి,
అందరూ అటే చూస్తారు.
నేనెంతో
ఎప్పుడూ ఎవరూ తూచలేదు.
ఆ గడి వదిలేశాను.

ఏదన్నా జరిగితే ఎవరికి ఫోన్ చెయ్యాలి?
రత్నకుమారికి ఇంకా చెప్పలేదు.
చెబితే ఏమీ అనదు,
ఇన్సూరెన్సు కాయితాలు బీరువాలోంచి తీసి
టీ గ్లాసు పక్కన పెడుతుంది, అంతే.
అందుకని హమాలీ సుభానీ నంబరు రాశాను.
నేనెక్కడన్నా రోడ్డు వార పడిపోతే
ఎలా ఎత్తాలో
వాడికి తెలుసు.

ఏడొందలు కట్టాను.
రసీదు జేబులో మడతపెడుతుంటే
పదో తరగతి తప్పినరోజు మార్కుల కాయితం దాచినట్టుంది.

మర్నాడు యార్డులో, టీ వేళ,
సుభానీకి చెప్పాను.
వాడు నవ్వలేదు. వద్దనలేదు.
భుజమ్మీది తువ్వాలు తీసి పక్కన పెట్టి
రెండు చేతులూ నా నడుం చుట్టూ వేసి
అమాంతం ఎత్తి
కాటా మీద నిలబెట్టాడు.

డెబ్బై ఒకటీ నాలుగు వందలు.

"తరుగెంత తియ్యమంటావు బాబాయ్?"
చుట్టూ కాయలేరే ఆడవాళ్ళు
మూతికి కట్టిన గుడ్డల్లోంచి నవ్వారు.

యేసుపాదానికి ఫోన్ చేశాను.
రాసుకో, డెబ్బై ఒకటి.
"అదా అన్నా? అది టీషర్టు సైజు కోసం"
అని పెట్టేశాడు.

కాటా దిగాలి.
దిగబుద్ధి కాలేదు కాసేపు.
నేను కదిలినప్పుడల్లా ఎర్ర అంకెలు
అటూ ఇటూ ఊగుతున్నాయి,
ఊపిరి బిగబడితే నిలుస్తున్నాయి.